పుల్లయ్య గానుగకి బయటి లెక్క

లెక్కల గురించి కథ చెప్పే అర్హత నాకు లేదని ముందే ఒప్పుకుంటున్నాను. ఐదో తరగతి లెక్కల పరీక్షలో నాకొచ్చిన మార్కులు చూపించడానికి ఒక చేతి వేళ్లు చాలు, అందులోనూ రెండు మిగులుతాయి. ఇవాళ్టికీ మా వీధి కిరాణా కొట్టులో నా ఖాతా ఆ కొట్టాయనే రాసుకుంటాడు, ఆయనే కూడుకుంటాడు. నేను పక్కన నిలబడి అంతా అర్థమైనవాడిలా తలాడిస్తాను. అందుచేత ఈ కథలో ఎద్దు చేసిన పనికి మీరు నవ్వితే నవ్వండి, నాకు మాత్రం ఆ హక్కు లేదు.

కొండ దిగువన, అడవి మొదలయ్యే చోట ఒక గానుగ ఉండేది. ఒకప్పుడు అది ఊళ్లో మనుషులది. ఊరికి కరెంటు మిల్లు రాగానే వాళ్లకి గానుగ అడ్డమైపోయింది. దాన్ని బండికెక్కించి, ఆ బండిని గానుగెద్దు చేతే లాగించుకొచ్చి, రెంటినీ అడవి అంచున వదిలేసి వెళ్లిపోయారు.

ఆ ఎద్దు పేరు పుల్లయ్య. రెండు రోజులు ఊరి వైపే చూస్తూ నిలబడ్డాడు. మూడో రోజు ఒక గోరువంక వచ్చి అతని కొమ్ము మీద వాలింది.

"ఎంతసేపు చూస్తావు తమ్ముడూ, వాళ్లు రారు. ఇక్కడ పందుల దగ్గర నువ్వులున్నాయి, కుందేళ్ల దగ్గర వేరుశనగ ఉంది. ఎవరి దగ్గరా నూనె లేదు. నీ దగ్గర గానుగుంది" అంది.

వ్యాపారం అలా మొదలైంది. ఎవరి గింజ వాళ్లు తెచ్చుకునేవాళ్లు. పుల్లయ్య ఆడించి ఇచ్చేవాడు. వచ్చిన నూనెలో నాలుగో వంతు అతనిది. అందులోంచి నెలకో కుండ దొరగారి కచేరికి పన్ను కట్టాలి. దొరగారంటే పులి. మిగతాది పుల్లయ్య తౌడుకీ గడ్డికీ సరిపోయేది. పెద్ద సంపాదనేం కాదు. కానీ పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి అతను తన కాడి తానే మోస్తున్నాడు. ఈ గానుగ పోతే మళ్లీ ఎవరి కాడి కిందికో వెళ్లాలి. పుల్లయ్యకి ఈ లోకంలో ఉన్న భయం అదొక్కటే.

గానుగ పనిలో ఒక ఇబ్బంది ఉంది. గానుగెద్దు కళ్లకి గంతలు కట్టకపోతే గుండ్రంగా తిరిగీ తిరిగీ కళ్లు తిరిగి పడిపోతుంది. సొంత గానుగైనా అంతే. రోట్లో పోసిన గింజ పూర్తిగా ఆడేదాకా, అంటే ఒక వాయి దిగేదాకా, గంతలు విప్పకూడదన్నది గానుగవాళ్ల కట్టుబాటు. మధ్యలో ఆగితే పిండి పట్టేసి నూనె లోపలే ఉండిపోతుంది. కాబట్టి తన కొట్టు ముందు ఏం జరుగుతోందో చూసుకోలేని యజమాని మన పుల్లయ్య.

చూడటమంతా గోరువంకదే. పుల్లయ్య ఆవిడని గోరక్క అనేవాడు. వాయి దిగగానే గోరక్క ముక్కుతో లాగి గంతల ముడి విప్పేది. ఒక చింతగింజ తెచ్చి కుండలో వేసేది. వాయికి ఒక గింజ. సాయంత్రం కుండ అంచు మీద కూచుని లెక్క చెప్పేది.

"ఇవాళ మూడు వాయిలు తమ్ముడూ. మొదటిది పందులది, తొమ్మిది సోలల నూనె. రెండోది…"

రెండోది అనేసరికి పుల్లయ్య గురక మొదలయ్యేది. గోరక్క మాత్రం ఆపేది కాదు. ఆ గురక పక్కనే చివరిదాకా ఏదేదో చెప్పుకుంటూ పోయేది. చివర్లో ఏం చెప్పేదో ఎవరికీ తెలీదు. వినాల్సినవాడు వినలేదు కదా.

ప్రతి పున్నమికీ గోరక్క ముక్కుతో నెల లెక్క గీకి కచేరికి పంపే తాటాకు మీద పుల్లయ్య గిట్ట ముద్ర పడాలి. గిట్టని మసిలో ముంచి వేయడమే. ఆ రోజు మాత్రం గోరక్క మొండికేసేది.

"ముందు గంతలు తీయాలి. తర్వాత ముద్ర."

"నాకు చదవడం రాదుగా అక్కా. చూస్తే ఏంటి, చూడకపోతే ఏంటి?"

"చదవడం రాకపోతే నన్నడుగు. అడగడం కూడా రాదా?"

చూసేవాడు. అడిగేవాడు. ముద్ర వేసేవాడు. పన్ను కుండ తన వీపు మీదే పెట్టుకుని కచేరికి వెళ్లి, అది ముట్టినట్టు ఇంకో ఆకు తెచ్చుకునేవాడు. ఏళ్లు అలా గడిచాయి.

ఏళ్లు గడిస్తే ఎద్దుకీ వయసొస్తుంది, గోరువంకకీ వస్తుంది. గోరక్క కళ్లలో పొర కమ్మింది. ఒకనాడు కుండలో వేశాననుకున్న గింజ కుండ పక్కన పడింది. పందులకి ఒక వాయి తక్కువ చెప్పింది. తెల్లారి గింజ కనిపించింది, లెక్క సరిదిద్దింది, పందులు కూడా ఏమీ అనలేదు. అన్నది మేక కోటమ్మ.

కోటమ్మకి వాగు ఒడ్డున విస్తళ్ల కొట్టుంది. సరుకులో సగం తనే తింటుందని చెప్పుకుంటారు, అది వేరే సంగతి. చట్నీలోకి నూనె కావాలని వచ్చి, కుండ చుట్టూ గింజ కోసం తడుముకుంటున్న గోరక్కని చూసింది.

"ఏం బావా, ఇంకా చింతగింజలేనా? మా కొట్టు లెక్కలు బయటికిచ్చేశాం."

"బయటికా? అంటే?"

"అంటే నేను కుట్టుకుంటా, అమ్ముకుంటా. లెక్కలు వాగవతల పాపారావు గారి ఆఫీసులో రాస్తారు. కచేరి పని కూడా ఆయనే చూసుకుంటాడు. నేను అటు తొంగి చూసి ఆరు నెలలైంది."

"తొంగి చూడకపోతే భయం వేయదా?"

"తొంగి చూస్తేనే భయం వేసేది" అని కోటమ్మ నవ్వింది. "ఇంత గానుగ పెట్టుకుని గుడ్డి పిట్టతో గింజలు ఏరిస్తుంటే నలుగురూ ఏమనుకుంటారు బావా."

నలుగురూ ఏమనుకుంటారో అని పుల్లయ్య ఆ రోజంతా ఆలోచించాడు. గోరక్క ఏమనుకుంటుందో ఆలోచించలేదు. కోటమ్మ చెప్పని సంగతి ఇంకోటి ఉంది. కొత్త ఖాతాదారుని తెస్తే ఆవిడ పాపారావుకి ఇవ్వాల్సిన జీతం ఒక నెల మాఫీ.

అయినా పుల్లయ్య మరీ తొందరపడే ఎద్దు కాదు. ఇద్దర్ని పిలిచి మాట్లాడాకే తేల్చుకుందామనుకున్నాడు.

ముందు ముళ్లపంది సూరమ్మ వచ్చింది. రాయడానికి కలాలు ఆవిడ ఒంటి మీదే ఉంటాయి. కూచోమనడానికి ఎవరూ దగ్గరికి రారు కాబట్టి తనే కూచుంది.

"ఏమయ్యా పుల్లయ్యా, ఇన్నాళ్లూ లెక్క ఎవరు చూశారు?"

"మా గోరక్కండి."

"ఆవిడ్ని మానిపిస్తున్నావా?"

"కళ్లు కనపడ్డం లేదండి."

"చెవులో?"

పుల్లయ్య తోకతో ఈగని తోలుకున్నాడు. సూరమ్మ ఆగలేదు. "పాత ఆకులెక్కడున్నాయి? పన్ను ముట్టిన ఆకులు విడిగా ఉన్నాయా? పందులు బాకీ ఏమైనా ఉన్నాయా? నీ ముద్ర ఎవరి దగ్గరుంటుంది?"

"ముద్రంటే నా కాలే కదమ్మా. నా దగ్గరే ఉంటుంది."

"అయితే ఆ కాలు ఎవరు ఎత్తమన్నా ఎత్తకు. నేను అడిగినా సరే, చూడకుండా ఎత్తకు. పక్షానికోసారి వస్తాను. వచ్చినప్పుడు ఒక వాయి ఆపి, గంతలు తీసి నా పక్కన కూచోవాలి. రాసింది నీకు అర్థమయ్యేదాకా చెప్తాను. పన్ను కుండ నేను ముట్టుకోను, అది నువ్వే మోసుకెళ్లు. నెలకి నాలుగు సోలలు. ఇంకెవరికి రాస్తున్నానో వాళ్లని అడుగు, నా గురించి నన్నడగడం ఎందుకు."

ఆవిడ వెళ్లాక పుల్లయ్య లోపల్లోపల నొచ్చుకున్నాడు. జీతమిచ్చి లెక్క రాయించుకోవడానికి పిలిస్తే, ఆవిడే వచ్చి తనకి పరీక్ష పెట్టి వెళ్లినట్టుంది. పైగా నెలకి రెండు వాయిలు నష్టం. ఆ పరీక్ష భయం ఎలాంటిదో నాకు తెలుసు, ఐదో తరగతి వాణ్ని కదా.

తర్వాత నక్క పాపారావు వచ్చాడు. చుట్టూ చూడలేదు, కుండ చూడలేదు, ఆకులు అడగలేదు. గానుగ మొద్దు మీద చెయ్యేసి ప్రేమగా నిమిరాడు.

"ఎంత కష్టపడ్డారు అన్నయ్యగారూ" అన్నాడు.

ఊరు వదిలేసిన రోజు నుంచీ పుల్లయ్యకి ఆ మాట ఎవరూ అనలేదు. గోరక్క కష్టం గురించి ఎప్పుడూ ఎత్తేది కాదు, లెక్కే చెప్పేది.

"ఏమైనా అడుగుతారా?" అన్నాడు పుల్లయ్య.

"అడగడానికేముంది. అడిగి మిమ్మల్ని విసిగించడానికా నేనున్నది? మీరు కూచోనక్కర్లేదు, చూడనక్కర్లేదు, కచేరికి నడవనక్కర్లేదు. పున్నమికి నేనే వచ్చి పన్ను కుండ తీసుకెళ్తాను. మీరు ఒక్క వాయి కూడా ఆపొద్దు. నెలకి రెండు సోలలు ఇవ్వండి చాలు."

సగానికి సగం తక్కువ, ప్రశ్నలు అసలే లేవు. పుల్లయ్య తల ఊపాడు.

గోరక్కకి చెప్పడమే కష్టమైంది. సాయంత్రం గంతలు విప్పాక, నేల చూస్తూ చెప్పాడు.

"అక్కా, నువ్వింక కాస్త విశ్రాంతి తీసుకో."

"నేను అలిసిపోయానన్నానా?"

"అనలేదనుకో. పాపారావు గారని, వాగవతల…"

"సరే తమ్ముడూ" అంది గోరక్క. ఆవిడ వాదించకపోయేసరికి పుల్లయ్యకి ఇంకా కష్టంగా అనిపించింది. "ఈ గింజల కుండ ఎవరికి అప్పగించను?"

"ఆయనకి గింజలు అక్కర్లేదట. నువ్వే ఉంచుకో."

"పోనీ, ఇవాళ్టి వరకు లెక్క ఒకసారి చెప్పనా? చివరిదాకా వింటావా?"

"ఎందుకులే అక్కా. రేపటి నుంచి ఆయన రాసుకుంటాడుగా."

గోరక్క ఎదురుగా ఉన్న వేప చెట్టు మీదికి మారిపోయింది. ఆ గింజల కుండని మోయడం తన వల్ల కాదు గనక, గింజలు ఒక్కొక్కటే ముక్కున కరుచుకుని చెట్టు తొర్రలోకి చేర్చుకుంది. దానికి నాలుగు రోజులు పట్టింది. పుల్లయ్య గంతలు కట్టుకుని తిరుగుతున్నాడు కాబట్టి అది చూడలేదు.

గోరక్క లేకపోయాక గంతల ముడి విప్పేవాళ్లు లేరు. కొమ్ము దగ్గరి తాడుని ఒక మోడుకి రాసి రాసి ఊడదీసుకోవడం నేర్చుకున్నాడు. మెడ నొప్పెట్టే పని. అందుకని మధ్యాహ్నం విప్పడం మానేసి పొద్దున కడితే సాయంత్రమే విప్పేవాడు.

మొదటి పున్నమికి పాపారావు సరిగ్గా వాయి మధ్యలో వచ్చాడు.

"ముద్ర కావాలి అన్నయ్యగారూ. అయ్యో, ఆగకండి. నూనె పాడైపోతుంది. నడుస్తూనే ఉండండి. మీ అడుగు పడే చోట మసి పూసి ఆకు పరుస్తాను. మీరు తొక్కుకుంటూ వెళ్లడమే."

పుల్లయ్య తొక్కాడు. కాలి కింద ఆకు చప్పుడైంది. ఇంకో చుట్టులో ఇంకో ఆకు.

"రెండెందుకండీ?"

"ఒకటి కచేరికి. ఒకటి మీకు. మీది నా దగ్గర భద్రంగా ఉంటుంది."

ఎంత సులువైన పద్ధతి, ఒక్క క్షణం పని ఆగలేదు అనుకున్నాడు పుల్లయ్య. నిజంగానే సులువైన పద్ధతి. ఎవరికి సులువు అన్నదొక్కటే అతను అడగలేదు.

ఆరో నెలలో ఒకసారి అనుమానం వచ్చింది. "ఏం రాశారో కాస్త చదవండి" అన్నాడు నడుస్తూనే.

పాపారావు గొంతు సవరించుకుని శ్రావ్యంగా చదివాడు. "పుల్లయ్య గారి గానుగ. ఈ నెల వాయిలు డెబ్భై. పన్ను ఒక కుండ. ముట్టినది."

గోరక్క లెక్కలాగే ఉంది. అంతకంటే బావుంది, చిన్నగా అయిపోయింది. అప్పుడే వేప కొమ్మ మీంచి పలచటి గొంతు వినిపించింది.

"తమ్ముడూ, ఆకు చూశావా?"

"వాయి మధ్యలో మాట్లాడించకు అక్కా" అని విసుక్కున్నాడు పుల్లయ్య.

మళ్లీ ఆ గొంతు వినపడలేదు.

ఏడాది తిరిగింది. కచేరి నుంచి కొండముచ్చు గుమాస్తా ఆకుల కట్ట చంకలో పెట్టుకుని వచ్చాడు. ఏడాదికోసారి ఆకులన్నీ తిరగేయడం కచేరి పద్ధతి. వాసన చూశాడు, గానుగ మొద్దు తడిమి చేతికంటిన నూనె చూసుకున్నాడు. పుల్లయ్య మోడుకి రాసుకుని గంతలు ఊడదీసుకునేదాకా ఓపిగ్గా నిలబడ్డాడు.

"పుల్లయ్యా, ఈ గానుగ ఆడుతోందా, ఆగిపోయిందా?"

"ఆడుతోందయ్యా. రోజూ ఆడుతోంది."

"ఈ పన్నెండు ఆకుల్లో 'గానుగ ఆగినది, పన్ను లేదు' అని ఉంది. ముద్ర నీదే కదా?"

పుల్లయ్య ఆకులు చూశాడు. చదవడం రాకపోయినా తన గిట్ట తనకి తెలుసు. ఎడమ ముంగాలి గిట్ట అంచున చిన్న చీలిక ఉంటుంది. పన్నెండు ఆకుల్లోనూ ఆ చీలిక ఉంది.

"నాదేనయ్యా."

"చూసి వేశావా?"

"కళ్లకి గంతలున్నాయయ్యా."

"ఎవరు కట్టారు?"

"నేనే కట్టుకుంటాను. పని అలాంటిది."

కొండముచ్చు నిట్టూర్చాడు. అతనేం చెడ్డవాడు కాదు. "చూడు. ఏడాది ఆగిన గానుగ పాడుబడినదాని కింద లెక్క, కచేరి వేలం వేస్తుంది. ఆగలేదు, ఆడింది అంటావా, అప్పుడు పన్ను ఎగ్గొట్టినట్టు. బాకీ, బాకీకి సమానంగా జరిమానా. ఏదంటావు?"

"పన్ను కట్టానయ్యా. నెలకో కుండ పాపారావు గారికిచ్చాను."

పాపారావుకి కబురెళ్లింది. ఇంకో పన్నెండు ఆకులు పట్టుకుని తీరిగ్గా వచ్చాడు. ఒక్కొక్కటే పరిచాడు. "లెక్కలు రాసినందుకు పాపారావు గారికి జీతం ఒక కుండ నూనె, ముట్టినది." కింద చీలిక గిట్ట.

"రెండు సోలలన్నావు కదా" అన్నాడు పుల్లయ్య.

"ఎక్కడన్నాను అన్నయ్యగారూ? ఆకు మీద చూపించండి."

విషయం తెలిసి ముళ్లపంది సూరమ్మ వచ్చింది. ఆవిడ ముందు నడుస్తుంటే ఆవిడ అడుగుల చప్పుడు వింటూ వెనకాల గోరక్క నేల మీద గెంతుకుంటూ వచ్చింది. ఎగరడానికి ఆవిడకిప్పుడు చూపు లేదు.

"అయ్యా, మా తమ్ముడు అబద్ధం ఆడడు. నా దగ్గర లెక్కుంది" అంది గోరక్క. "గింజ పొడిగా ఉన్నప్పుడు గానుగ కిర్రుమంటుంది. నూనె ఊరాక మెత్తగా మూలుగుతుంది. కిర్రు మొదలై మూలుగు ఆగితే ఒక వాయి. కళ్లు లేకపోతేనేం, విన్నాను. వాయికి ఒక గింజ ఎత్తి పెట్టాను. నన్ను మానిపించిన రోజు నుంచి నిన్నటి దాకా, ఒక్కటి పోలేదు."

సూరమ్మ తొర్రలోంచి గింజలన్నీ తెచ్చి పోసింది. పాతవి విడిగా, కొత్తవి విడిగా ఉన్నాయి. కొండముచ్చు కూచుని లెక్కపెట్టాడు. పందుల్ని, కుందేళ్లని పిలిచి అడిగాడు. ఎవరు ఎన్ని వాయిలు ఆడించుకున్నారో గింజలతో సరిగ్గా సరిపోయింది.

"ఇంత నికరమైన లెక్క నేను కచేరిలో కూడా చూడలేదు" అన్నాడు.

గోరక్క మొహం విప్పారింది. "చూశావా తమ్ముడూ."

కొండముచ్చు తల దించుకున్నాడు. "అమ్మా, ఈ గింజల వల్ల గానుగ ఏడాదంతా ఆడిందని తేలింది. పన్ను కుండలు పన్ను కింద వెళ్లాయని తేల్లేదు. ఆ మాట ఉన్న ఆకు ఒక్కటీ లేదు. నువ్వు చెప్పేది నిజమేనని నాకు తెలుసు. కానీ దీనికి ముద్ర లేదు. అబద్ధానికి పన్నెండు ముద్రలున్నాయి."

తమ్ముణ్ని కాపాడదామని ఏడాది పాటు గుడ్డి కళ్లతో ఏరిన గింజలు అతని మీదే సాక్ష్యమయ్యాయని గోరక్కకి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. కింద పడ్డ గింజ ఒకటి కాలికి తగిలితే దాన్ని తీసి కుప్పలో పెట్టింది.

బాకీ పన్నెండు కుండలు, జరిమానా పన్నెండు. పుల్లయ్య దగ్గరున్నవి రెండు, అవి ఆ నెల తౌడుకి పోవలసినవి. గానుగ వేలానికి పెట్టారు. పాట పన్నెండు కుండల దగ్గర ఆగింది. పాడినవాడు పాపారావు. వాగవతల నుంచి కుండలు వరసగా దిగుతుంటే పుల్లయ్య వాటిని గుర్తుపట్టాడు. ప్రతి కుండ మెడకీ గోరక్క ఏనాడో సున్నంతో పెట్టిన చుక్క ఉంది.

"కుండలు నీవి కాదూ?" అంది సూరమ్మ.

"ఇచ్చేశానమ్మా. ముద్ర వేసి ఇచ్చేశాను."

"ఆ రోజు నేను ఎక్కువ అడిగానా పుల్లయ్యా?"

"జీతం ఎక్కువ కాదమ్మా. ప్రశ్నలు ఎక్కువనుకున్నాను."

కోటమ్మ ఆ గుంపులో లేదు. ఆవిడ విస్తళ్ల కొట్టు అంతకు ముందు నెలే వేలమైంది. మిగిలిన ఆకులు తినుకుంటూ వాగు ఒడ్డునే తిరుగుతోంది, ఎవరైనా పలకరిస్తే మొహం తిప్పుకుంటోంది.

గానుగ పోగా ఇంకా పన్నెండు కుండల బాకీ మిగిలింది. అది కూలి చేసి తీర్చాలి. అడవిలో గానుగ లాగడం తెలిసిన ఎద్దు ఒక్కటే, గానుగ కూడా ఒక్కటే. మర్నాడు పొద్దున పుల్లయ్య అదే కాడి కింద, అదే గుండ్రటి దారిలో నడిచాడు. గంతలు మాత్రం ఈసారి పాపారావు కట్టాడు.

సాయంత్రం వాయి దిగాక తడుముకుంటూ మోడు దగ్గరికి వెళ్లేసరికి ముడి దానంతటదే వదులైంది. మోడు మీంచి గెంతి వాలినట్టు కొమ్ము మీద తేలికైన బరువు.

"అక్కా?"

"కదలకు. ముడి కనపడదు నాకు, తడుముకోవాలి."

గంతలు ఊడాయి. కుండ లేదు, గింజలు లేవు. గోరక్క కొమ్ము మీదే సర్దుకుని కూచుని, అలవాటు కొద్దీ మొదలుపెట్టింది.

"ఇవాళ నాలుగు వాయిలు తమ్ముడూ. మొదటిది కుందేళ్లది, ఏడు సోలలు. రెండోది ఎలుగుబంటిది, పద్నాలుగు." అక్కడ ఆగింది. గురక కోసం విన్నది. రాలేదు. "నిద్రపోలేదా?"

"లేదక్కా. చెప్పు. చివరిదాకా చెప్పు."

"చివర్లో ఏముందిరా. నాలో నేను అనుకునే మాటలు."

"అవే చెప్పు."

గోరక్క కొంచెం సిగ్గుపడింది. తర్వాత అదే గొంతుతో, లెక్క చదివినట్టే చెప్పింది. "మూడోది పందులది, పదకొండు. నాలుగోది పది. మొత్తం నలభై రెండు. ఎడమ ముంగాలు ఇవాళ కూడా ఈడుస్తున్నాడు. చీలిక లోపలికి పోతోంది. రేపు ఒక వాయి తగ్గించుకోమని చెప్పాలి. వినడు. అయినా చెప్పాలి."

పుల్లయ్య చెవులు గోరక్క వైపు తిప్పాడు.

"ఇది రోజూ చెప్పేదానివా?"

"రోజూ."

"అన్నేళ్లూ?"

"లెక్కంటే అది కూడా కదా తమ్ముడూ. గానుగని లాగేది ఆ కాళ్లేగా."

పుల్లయ్య తన ఎడమ కాలి వైపు చూసుకున్నాడు. ఇన్నాళ్లకి విన్నాడు. కానీ ఒక వాయి తగ్గించుకోవడానికి గానుగ ఇప్పుడు అతనిది కాదు.

రేపు మా కిరాణా కొట్టుకి వెళ్లి, ఆ పుస్తకం ఒకసారి ఇటు తిప్పమని అడగాలి. అడగడానికి సిగ్గుగానే ఉంటుంది.

లెక్క రాసే పని ఎవరికైనా ఇచ్చుకోవచ్చు, గంతలు విప్పి చూసే పని మాత్రం ముద్ర వేసేవాడిదే.